సగం మంద ఏరు దాటిన రోజు

చంద్రపూర్ లాల్‌పేట్‌లో మా ఇంటి ముందు రోడ్డు మీద రోజూ మధ్యాహ్నం ఒక తెల్లావు వచ్చి పడుకుంటుంది. తెల్లావు అనడం నా మర్యాద. గనుల బొగ్గు పొడికి అది ఎప్పుడో బూడిద రంగుకు తిరిగింది. ఆటోల వాళ్ళు హారన్ కొట్టీ కొట్టీ విసిగి పక్కనుంచి పోతారు. అది కళ్ళు సగం మూసి నెమరు వేస్తూనే ఉంటుంది. వరండాలో కూర్చుని దాన్ని చూస్తుంటే నాకూ రెప్పలు బరువెక్కుతాయి. ఆ కునుకులో ఎక్కడినుంచో కర్ర గంట చప్పుడు వినిపిస్తుంది. కళ్ళు తెరిస్తే ఆవు ఉంటుంది, గంట ఉండదు.

మొన్న పశువుల దవాఖానాలో కొత్తగా చేరిన ఇద్దరు డాక్టర్లు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. "కాకా, మీ నౌకరిల జరిగిన ఖాస్ ముచ్చట ఒకటి రాసియ్యిండ్రి, మా పత్రికల ఏస్తం" అన్నారు. అడ్డం తిరిగిన దూడను ఎలా లాగానో, పులి గీరిన ఎద్దుకు కుట్లు ఎలా వేశానో రాస్తాననుకుని ఉంటారు. అవి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. పైగా ఆ పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు, బడి అంతా మరాఠీలోనే సాగింది. కాబట్టి నేను రాసింది వాళ్ళ అమ్మలే చదివి వినిపించాలి. మంచిదే. ఈ కథ అమ్మలు కూడా వినవలసిందే.

నేను స్టాక్‌మన్‌గా, అంటే పశువుల డాక్టరు కింది మనిషిగా, చేరినప్పుడు మా రాజూరా ఇంకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. అక్కడి ఏటి ఒడ్డున సర్కారు వారి పశువుల ఫారం ఒకటి ఉండేది. నల్లరేగడి దున్నే ఎడ్లను పుట్టించడం దాని పని. సూదులు వేయడం, గిట్టలు చెక్కడం, ఈనలేని ఆవుకు చేయి పెట్టడం నా పని. జీతం సంగతి అడక్కండి, పాలు మాత్రం పుష్కలంగా దొరికేవి.

మంద బాధ్యతంతా ఒక గొల్లాయనది. ఆయన్ని నేను మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. చుట్టరికమేమీ లేదు. ఎత్తయిన మనిషి, పెద్ద మీసాలు, భుజాన గొంగడి. పశువుల కాపరులు ఈ నేలకు ఎలా వచ్చారో ఆయన నోట వినాలి. చెబుతూ చెబుతూ తానే ఆ రోజుల్లోకి జారిపోయేవాడు. వాళ్ళ తాతల కాలంలో ఏరుకు ఈవల అంతా మనిషెత్తు గడ్డీ, టేకూ, ఇప్పచెట్లేనట. గోదావరి అవతల కరువొచ్చిన ఏడు వాళ్ళు మందల్ని తోలుకుంటూ గడ్డి వాసన పట్టుకుని వచ్చారట. వానాకాలం మంద ఎక్కడ కూలబడితే అక్కడే వాళ్ళ ఊరు. ఆ పేడ పడ్డ చోట జొన్న బాగా పండుతుందని వెనక రైతులొచ్చేవారు. రైతులొస్తే గడ్డి పోయేది, గడ్డి పోతే మంద ముందుకు జరిగేది. ఎద్దుల మీద ఉప్పు వేసుకొచ్చే లంబాడోళ్ళు ఏడాదికోసారి ఆ దారిన పోయేవాళ్ళు. నెయ్యిచ్చి ఉప్పు తీసుకునేవారట.

"ఉప్పు లేని మంద నిలువది అల్లుడా, అడివిల కలిసిపోతది" అనేవాడు. తరవాత నిజాం సర్కారు అడవికి హద్దులు పెట్టింది, మేతకు చరాయి పన్ను వేసింది, మంచి ఆవుల్ని ఏరి ఈ ఫారం పెట్టింది. మందతోపాటు వాళ్ళ నాయన కూడా సర్కారు మనిషయ్యాడు. తండ్రి తరవాత ఈయన వచ్చాడు.

ఏటా ఎండాకాలం మా దగ్గర గడ్డి ఎండిపోయేది. అప్పుడు మందను ఏరు దాటించి అవతలి ఆదిలాబాద్ గుట్టల్లో మేపి, తొలకరికి తిరిగి తోలుకొచ్చేవాళ్ళు. దాటించే రోజు ఒక చిన్న పండగలా ఉండేది. అన్నిటికంటే పెద్దావు మెడకు మామ తన చేత్తో కర్ర గంట కట్టేవాడు. ఆ గంట వాళ్ళ తాత చెక్కింది. ఆ ఆవును గంటావు అనేవాళ్ళం. అది నీళ్ళలో దిగితే వెనక మందంతా దిగేది. "గంట కట్టినంక గొడ్డు ఎటు పోతది? గంట ఎనుకనే పోతది" అని మీసం దువ్వేవాడు. నేనూ నమ్మాను. మా సూపరింటెండెంటు డాక్టర్ సాబ్ కూడా నమ్మాడు.

గంటావు పక్కన మామ భార్య నడిచేది. ఆమెను నేను అత్తా అనేవాణ్ణి. చిన్న మనిషి, మాట తక్కువ. మిగతా వాళ్ళంతా వెనక నుంచి అదిలిస్తుంటే ఈమె ముందెందుకు నడుస్తుందని ఒకసారి అడిగాను. "ఎనుక దుమ్ము గదా పిలగా" అంది. అదీ నమ్మాను.

ఆ తరవాత రాష్ట్రాలు మారిన రోజులు వచ్చాయి. ఒక రోజు పడుకుని లేచేసరికి మేము హైదరాబాద్ వాళ్ళం కాదు, బొంబాయి వాళ్ళం అన్నారు. ముందు ఏదో జిల్లాలో కలిపి, కొన్నాళ్ళకు చాందాకు ఇచ్చారు. ఇప్పుడు మీరు చంద్రపూర్ అంటున్నది అదే. ఏరు మాత్రం ఎప్పటిలాగే పారింది. కాకపోతే అటువైపు ఒక రాష్ట్రం, ఇటువైపు ఒక రాష్ట్రం అయ్యాయి. ఎవరు ఏ వైపు ఉంటారో తేల్చుకోమని నౌకర్లందరినీ అడిగారు. మా పొలం రాజూరాలో ఉంది, నేను ఇటే అన్నాను. డాక్టర్ సాబ్‌ది హైదరాబాద్, ఆయన అటు అన్నాడు. ఇటువైపుకు నాగపూర్ నుంచి ఒక కొత్త సాహెబ్ వచ్చాడు. ఆవుల్ని మాత్రం ఎవరూ అడగలేదు. చెరి సగం చేయమని హుకుం వచ్చింది.

ఆ పంపకం చూసిన వాళ్ళెవరూ నవ్వకుండా ఉండలేరు. ఇద్దరూ పెద్దమనుషులే, ఇద్దరూ మర్యాదస్తులే. "పహ్లే ఆప్" అని డాక్టర్ సాబ్, "నాహీ, తుమ్హీ ఘ్యా" అని కొత్త సాహెబ్, ముందు మీరంటే మీరని. కుంటి ఆబోతును ఒకరికొకరు ఎంత ప్రేమగా ఇచ్చుకున్నారో చెప్పలేను. పాల డబ్బాలు పంచారు, పలుపులు పంచారు, గడ్డి కోసే కత్తులు పంచారు. చివరికి దొడ్డి గేటు దగ్గర ఆగారు. దానికి రెండు తలుపులు. ఒకటి మీకు, ఒకటి మాకు అని ఊడదీశారు. ఆ తరవాత మా దొడ్డికి ఒక పక్క తలుపు, ఒక పక్క ముళ్ళకంప. ఏరుకు అవతల పెట్టిన కొత్త దొడ్డి కూడా అట్లాగే ఉందని విన్నాను.

ఈ నవ్వులాట మామ ఇంటి దగ్గరకు వచ్చేసరికి నవ్వులాటగా మిగల్లేదు. గంటావూ, దాని సంతానమూ ఉన్న సగం అవతలికి పోయింది. మందతోపాటు కాపరి పోస్టు కూడా అటే పోయింది. మందను తీసుకుని పోతే మామకు పక్కా నౌకరి. పోకపోతే ఇటువైపు ఆయనకు పని లేదు. అత్తకు మాత్రం ఇటువైపే పేడ ఎత్తే పని ఇచ్చారు. దానితోపాటు పెంకులు కప్పిన ఒక అర్ర కూడా. ఆమె పుట్టి బుద్ధెరిగాక గోడలున్న ఇంట్లో ఉండడం అదే మొదలు. రెండుసార్లు సున్నం వేసింది. గడపకు పసుపు రాసింది. గుమ్మం పక్కన ఏదో తీగ పెట్టింది. పని అయిపోయాక ఆ గడప మీద ఊరికే కూర్చునేది. అట్లా ఊరికే కూర్చోవడం ఆమెకు ఎంత ఇష్టమో చూసిన వాళ్ళకు తెలుస్తుంది.

"ఆడ గుడిసె ఏస్త, మంచిగ ఉంటది, నడువు" అన్నాడు మామ.

"నేను రాను."

"మొగడు ఆడుంటే పెండ్లాం ఈడుంటదా? నలుగురు నవ్వరా?"

"నవ్వనియ్యి. ఇన్నేండ్లు నీ గొడ్ల ఎంబడి తిరిగిన. పిల్లల్ని మంద కాడనే కన్న, ఒకన్ని మంద కాడనే బొంద పెట్టిన. ఏ వానల ఏ చెట్టు కింద ఒండుకున్ననో నాకే యాది లేదు. ఇగ కూసుంటా. గీ అర్ర నాది."

మామ ఆ తరవాత ఆమెతో మాట్లాడలేదు. నాతో మాత్రం "పోతా అల్లుడా, ఒక్కన్నే పోతా. గంట ఉన్నది, మంద ఉన్నది, నాకింకేం గావాలె" అన్నాడు. ఆ గొంతు వింటే ఏం కావాలో నాకు తెలుస్తూనే ఉంది. పెద్దవాళ్ళ మధ్యలో తల దూర్చే ధైర్యం నాకు లేదు.

దాటించే రోజు వచ్చింది. ఇప్పటికీ నా కునుకుల్లోకి వచ్చేది ఆ ఉదయమే. ఇప్పపూలు రాలే కాలం. గాలి అంతా తియ్యగా, కొంచెం మత్తుగా ఉంది. ఏటి మీద పొగలాంటిది సన్నగా లేస్తోంది. అవతలి గట్టున డాక్టర్ సాబ్ గొడుగు వేసుకుని నిలబడ్డాడు. ఇవతలి గట్టున కొత్త సాహెబ్ టోపీ పెట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళు మోకాలి పైకి ఉంటాయి, అంతే. మామ గంటావు మెడకు గంట కట్టి, వీపు నిమిరి, "హెయ్, నడు" అన్నాడు.

గంటావు రేవు దాకా వచ్చింది. వంగి నీళ్ళు తాగింది. తల ఎత్తింది. వెనక్కి తిరిగి నిలబడింది. దాని వెనక మందంతా నిలబడిపోయింది.

కాసేపు అదిలించారు, తోక మెలిపెట్టారు. నలుగురు నీళ్ళలోకి దిగి ముందు నుంచి తాడేసి లాగారు. లాగినంత మేర వచ్చి, వదలగానే వెనక్కి పోయింది. మామ మొదట మడుగులో మొసలి ఉందన్నాడు. తరవాత నీళ్ళ వాసన మారిందన్నాడు. తరవాత ఎవరిదో దిష్టి తగిలిందన్నాడు. గంట విప్పి ఇంకో ఆవుకు కట్టాడు. ఆ ఆవు గంట ఊపుకుంటూ పోయి గంటావు పక్కన నిలబడింది. ఎండ ముదిరింది. సాహెబ్ నా దగ్గరకు వచ్చి "కాయ్ ఝాలం? జాత్ కా నాహీత్?" అని మెల్లిగా అడిగాడు. ఎందుకు పోవడం లేదో నాకేం తెలుసు?

అప్పుడు మామ అరవడం మానేశాడు. మంద మధ్యలో నిలబడి ఆవుల ముఖాలు చూశాడు. అన్ని ముఖాలూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. ఆ చూపు పట్టుకుని ఆయనా అటు తిరిగాడు. గట్టు పైన క్వార్టర్ల వరసలో, సున్నం వేసిన గోడ ముందు, అత్త గడప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

ఆయన ఎంతసేపు అట్లా చూశాడో నేను చెప్పలేను. తాత చెక్కిన గంట చేతిలో పట్టుకుని గట్టెక్కడం మొదలుపెట్టాడు. తొందరగా రమ్మని చెప్పమని సాహెబ్ నన్ను వెనక పంపాడు. ఆ రోజు నేను ఎవర్నీ తొందర పెట్టలేదు.

మామ గడప ముందు నిలబడ్డాడు. ఆమె తల ఎత్తలేదు.

"దిగుతలెవ్వు" అన్నాడు.

"చూస్తున్న."

"నీకెర్కనా? గంట కాదని?"

"గంట ఎనుక పోతే నేనెందుకు ముంగట నడుద్దును? కొంగుల ఉప్పు మూట ఏస్కొని, దూడ కాడికెల్లి ఒక్కొక్క దాని నోట్ల పెట్టి అలవాటు చేసిన. నాలికతోని నా చెయ్యి నాకి పెరిగినయ్ అవి."

"మరి ఎన్నడు చెప్పకపోతివి?"

"నువ్వు ఎన్నడన్న అడిగినవా? ఏరు దాటుదామా అని అడిగినవా, కాళ్ళు నొస్తున్నయా అని అడిగినవా? గంట గట్టి నడువన్నవ్, నడిచిన."

మామ ఆ గంటను గడప మీద పెట్టాడు. పెట్టి, చాలా కష్టంగా, "ఇప్పుడు అడుగుతున్న. మందను దాటియ్యవా?" అన్నాడు. తనతో రమ్మని మాత్రం అడగలేదు చూశారా. అడిగితే ఆమె ఏమనేదో నాకు తెలియదు. ఆ మాట ఆయన మింగేశాడు.

అత్త చింతపండు చాట లోపల పెట్టి తలుపు దగ్గరకు వేసింది. కాసేపటికి బయటికి వచ్చింది. కొంగులో ఉప్పు మూట కనిపించింది. మనిషి మాత్రం ఉన్నదానికంటే లావుగా అనిపించింది. ఎండ దెబ్బకు నా కళ్ళు తిరుగుతున్నాయేమో అనుకున్నాను.

ఆమె రేవులోకి దిగింది. ఎవర్నీ పిలవలేదు. చేయి వెనక్కి చాపి ఏదో గొణుక్కుంటూ నడిచింది. గంటావు నీళ్ళలో కాలు పెట్టింది. మంద కదిలింది. గంట లేదు, అదిలింపులు లేవు, నీళ్ళ చప్పుడూ, దూడల ఊపిరీ తప్ప ఏమీ లేదు. ఎండకు ఏరు తళతళమంటుంటే ఆవులు నడుస్తున్నాయో, తేలుతున్నాయో తెలియలేదు. వాటి వెనక మామా, నేనూ దిగాం. అంత అందమైనది నా నౌకరీ అంతటిలో మళ్ళీ చూడలేదు.

అవతలి గట్టు మీద డాక్టర్ సాబ్ "షాబాష్" అన్నాడు. అత్త ఆవులన్నిటికీ ఉప్పు పెట్టి, కొంగు దులిపి, వెనక్కి తిరిగి నీళ్ళలో దిగింది. ఆమె వెంట మందంతా మళ్ళీ దిగింది. డాక్టర్ సాబ్ గొడుగు మూసేసి నెత్తి పట్టుకున్నాడు. ఇవతలి గట్టు నుంచి సాహెబ్ చేతులు ఊపుతున్నాడు, వద్దనో రమ్మనో అర్థం కాలేదు.

అది చూసి అత్త మళ్ళీ అవతలి గట్టు మీదకే వచ్చింది, వెనకే మందా వచ్చింది. మామ ముందు నిలబడి, ఒంటి మీది చీర విప్పడం మొదలుపెట్టింది. మేమంతా గబుక్కున తలలు తిప్పుకున్నాం. తరవాత చూస్తే ఆమె ఒంటి మీద ఇంకో చీర ఉంది. రెండు చీరలు కట్టుకుని వచ్చింది. ఇట్లా అవుతుందని గడప మీద కూర్చున్నప్పుడే ఆమెకు తెలుసు. పైన కట్టుకున్నది రోజూ పేడ ఎత్తేటప్పుడు కట్టే పాత నీలం చీర.

"గొంగడి తియ్యి" అంది.

మామ తీశాడు. ఆమె ఆ చీరను ఆయన తలమీదుగా, భుజాల మీదుగా చుట్టి కొంగు బొడ్లో దోపింది. మిగిలిన ఉప్పు ఆయన దోసిట్లో పోసింది. పెద్ద మీసాల మనిషి చీర కప్పుకుని పెళ్ళికూతురులా నిలబడ్డాడు. నవ్వొచ్చింది, నవ్వలేకపోయాను. ఎవరూ నవ్వలేదు.

"కదలకు. చెయ్యి చాపి పెట్టు. ఇగ అవి నిన్నే నేననుకుంటయ్."

గంటావు వచ్చి చీరను వాసన చూసింది. ఒకసారి ఆమె వైపు, ఒకసారి ఆయన వైపు చూసింది. ఆయన దోసిట్లో మూతి పెట్టింది. అప్పుడు అత్త నన్ను రమ్మని సైగ చేసి, తన వాసన వాటికి తగలకుండా గాలి పోయే వైపు ఏటి వంపు దాకా నడిచి, అక్కడ ఏట్లో దిగింది. ఏటి మధ్యలోకి వచ్చాక, తల తిప్పకుండా, "చూస్తున్నయా?" అని అడిగింది.

"లేదత్తా. ఉప్పు నాకుతున్నయి."

"ఆయన?"

"చూస్తుండు."

ఆమె నడక ఆపలేదు. గట్టెక్కి, అర్ర తలుపు తీసి, చింతపండు చాట తెచ్చుకుని మళ్ళీ గడప మీద కూర్చుంది. సాయంత్రం దాకా ఆ గింజలు తీస్తూనే ఉంది.

ఆ తరవాత నెలకోసారి మామ ఏరు దాటి వచ్చేవాడు. ఏరు నిండుగా ఉంటే పడవ మీద వచ్చేవాడు. చంకలో మడత పెట్టిన చీర ఉండేది. "వాసన పోయింది, గొడ్లు గుర్తు పడుతలెవ్వు" అని దాన్నిచ్చి, ఆమె కట్టి విడిచిన ఇంకో చీర తీసుకుపోయేవాడు. వచ్చిన రోజు ఆ అర్రలోనే ఉండేవాడు. గడప మీద ఒక పక్క ఆమె, ఒక పక్క ఆయన. కాళ్ళు నొస్తున్నాయా అని ఆయన అడగడం నా చెవులతో విన్నాను.

ఏండ్లు గడిచాయి. అవతలి గుట్టల్లో గొడ్లకు పెద్ద రోగం తగిలితే, సూదులు వేయడానికి మనుషులు చాలక ఇటు నుంచి నన్నూ పంపారు. ఉదయమే మామ మంద దగ్గరకు చేరాను. ఆయన మంచులో ముందు నడుస్తున్నాడు, చేయి వెనక్కి చాపి, ఏదో గొణుక్కుంటూ. మందంతా వెనక వస్తోంది. ఆయన భుజాన ఉన్నది గొంగడి. చీర గుడిసెలో దండెం మీద, వేసిన మడత వేసినట్టే ఉంది.

"ఏంది మామా, చీర లేకున్నా వస్తున్నయి కదా" అన్నాను.

ఆయన అటూ ఇటూ చూశాడు. "ఎన్నడో మరిగినయ్ నాకు. గీ ముచ్చట ఆమెకు చెప్పకు అల్లుడా" అన్నాడు.

తిరిగి వచ్చేసరికి అత్త గడప మీద కూర్చుని ఉంది. ఒంటి మీద మాసిన చీర. అప్పటికి ఆమె పేడ పని మానేసింది, తెల్లటి చీరలు కట్టుకోగలిగిన మనిషి. ఇంత మాసింది ఎందుకు కట్టుకున్నావని ఊరికే అడిగాను.

"రేపు ఆయనొస్తడు గద. ఇంకొక్క రోజు కట్టాలె" అంది. తరవాత తీగ మీది ఎండుటాకు తుంపుతూ, "గొడ్లు ఒక్క ఎండకాలంల కొత్త చెయ్యి మరుగుతయ్ పిలగా. నాకెర్క లేదా? నువ్వు ఆయనకు చెప్పకు" అంది.

నేను ఇద్దరికీ చెప్పలేదు.